ముప్ఫైనాలుగు చుక్కలు

“నీ పరీక్ష సంగతి సరే, పాప జడలెవరు వేస్తారు?”

పొద్దున్న ఏడున్నరకి, పేపర్లోంచి తలెత్తకుండా భర్త అడిగిన ప్రశ్న అది. పేరుకే ప్రశ్న. జవాబు ఆయన దగ్గరే ఉంది. ఆమె ఎనిమిదేళ్ళ కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు బిగించింది. మూడు డబ్బాలు సర్ది, పొయ్యి గట్టు తుడిచి, బస్సు వెనకాల పరిగెత్తింది. చేతులు తువ్వాలుకి తుడుచుకుంది, అంతే. సబ్బుతో కడుక్కునే తీరిక ఎక్కడిది.

పెళ్ళప్పుడు ఆగిపోయిన డిగ్రీని ముప్ఫైఏడో ఏట దూరవిద్యలో మళ్ళీ మొదలుపెట్టింది. కిందటేడు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పోయింది. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. “ఇంకోసారి రాయి. ఈసారీ పోతే మాత్రం పుస్తకాలు అటకెక్కించు. నీ చదువు కోసం ఇంట్లో ఎంత సర్దుకుంటున్నామో నీకేం తెలుసు,” అన్నాడు. ఎవరు ఏం సర్దుకున్నారో ఆమెకి ఎంత వెతికినా కనపడలేదు. అయినా “థాంక్సండీ” అంది. ఆ ఇంట్లో ఆమె నోటికి బాగా అలవాటైన మాట అది. వచ్చేవారం ఇవ్వాల్సిన ప్రాజెక్టు పుస్తకంలో కృతజ్ఞతల పేజీ కూడా ఆయనే దగ్గరుండి రాయించాడు. ‘నన్ను చదవనిచ్చిన మా వారికి’ అని మొదటి వాక్యం.

ఆమె చదువంతా వంటింట్లోనే సాగింది. ఘనపదార్థంలో అణువులు ఉన్నచోటనే ఉండి వణుకుతాయనీ, ద్రవంలో పట్టు వదలకుండానే చోటు మారుతుంటాయనీ ఉన్న పేజీని గిన్నెలు తోముతూ నాలుగుసార్లు చదివింది. పట్టు వదలకుండా చోటు మారటం! తను అడుగుతున్నదీ అదే కదా అనుకుంది. ఇల్లు వదిలేస్తాననలేదు, కాస్త కదలనివ్వమంది.

పరీక్షలో ఆమెకి చుక్కల ప్రయోగం వచ్చింది. నడుమ బొడిపె ఉన్న సన్నటి గాజుగొట్టంలోకి నీళ్ళు పీల్చి, పై గీత నుంచి కింది గీత దాకా ఎన్ని చుక్కలు రాలతాయో లెక్కపెట్టాలి. నీటి అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో ఆ లెక్కలో తేలుతుంది. మొదటిసారి నలభైఒకటి వచ్చాయి. రెండోసారి నలభైఆరు. మూడోసారి ముప్ఫైఎనిమిది. ఒకే గొట్టం, ఒకే నీళ్ళు, మూడు లెక్కలు. పోయినేడాదీ ఇలాగే మొదలైంది.

పక్కబల్ల అమ్మాయి గుసగుసగా అంది: “అక్కా, ముప్ఫైనాలుగని రాసెయ్యండి. అందరికీ అంతే వచ్చింది.”

ఆమె పెన్ను తీసింది. రాసేదే. కానీ గొట్టం చివర నీళ్ళు పరుచుకోకుండా బొట్లు బొట్లుగా నిలబడి ఉండటం కంటపడింది. వెంటనే చెవిలో అత్తగారి గొంతు వినిపించింది.

“ఇది కడగటమా, తడపటమా?”

కాపురానికొచ్చిన కొత్తల్లో ఆమె కడిగిన ప్రతి గ్లాసునీ అత్తగారు కిటికీ వెలుగులో పెట్టి చూసేది. “నీళ్ళు బొట్లుగా నిలిచాయంటే జిడ్డు పోనట్టే. పల్చగా పరుచుకుని జారాలి. మళ్ళీ కడుగు,” అనేది. ఎన్నిసార్లు ఏడుస్తూ కడిగిందో లెక్కలేదు. “గిన్నెలు తోమడానికి కూడా శాస్త్రమా అమ్మా,” అని ఆయన పగలబడి నవ్వేవాడు. అత్తగారు లోపలికి వెళ్ళిపోయేది.

ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది. పాప తలనూనె. ఆ వేళ్ళతోనే గొట్టం చివర పట్టుకుంది.

“మేడమ్, గొట్టం కడిగి మళ్ళీ మొదలుపెడతాను.”

పరీక్ష చేయించడానికి వచ్చిన మేడమ్ గడియారం చూసింది. “అరగంటే ఉంది. ఆలోచించుకో.”

ముందు తన చేతులు కడుక్కుంది. తర్వాత గొట్టాన్ని సబ్బునీళ్ళతో, ఆ సబ్బు పోయేదాకా మంచినీళ్ళతో కడిగి, కిటికీ వెలుగులో పెట్టి చూసింది. నీళ్ళు పల్చగా పరుచుకుని జారాయి. లెక్కపెట్టింది. ముప్ఫైనాలుగు. ముప్ఫైనాలుగు. ముప్ఫైఅయిదు. నీళ్ళతో పోల్చి చూడాల్సిన రెండో ద్రవం కూడా పూర్తయ్యేసరికి నాలుగు నిమిషాలు మిగిలాయి.

ఆమె కొట్టేసిన మొదటి మూడు లెక్కల మీద మేడమ్ వేలు పెట్టింది. “ఇవి ఎందుకలా వచ్చాయి?”

“నీళ్ళు గాజుని కూడా పట్టుకుంటాయి మేడమ్. మధ్యలో నూనె ఉంటే పట్టు దొరకదు. చుక్క నిండుగా పెరక్కముందే రాలిపోతుంది. చుక్కలు చిన్నవయ్యి లెక్క పెరిగింది.”

“పుస్తకంలో ఇంత వివరంగా లేదే. ఎవరు చెప్పారు?”

“మా అత్తయ్య,” అంది ఆమె. పద్దెనిమిదేళ్ళుగా అందరికీ అడిగినవెంటనే థాంక్స్ చెప్పింది. ఎవరూ అడక్కుండా గుండెలోంచి పొంగుకొచ్చిన కృతజ్ఞత ఇదే మొదటిది.

సాయంత్రం అత్తగారు గిన్నెల దగ్గరే ఉంది. జరిగిందంతా విని చెయ్యి ఆపింది. “అంత చదువుకున్నావిడ ముందు నా మాట చెప్పావా?” అని అడిగి, గ్లాసుని వెలుగులో పెట్టి చాలాసేపు చూస్తూ నిలబడింది. ఆ కళ్ళలో నీళ్ళు చూసి ఆమె పక్కనే నిలబడి మిగతా గ్లాసులు కడిగింది.

తర్వాత ప్రాజెక్టు పుస్తకం తీసి, కృతజ్ఞతల పేజీ చింపి, కొత్తది రాసింది. ‘జిడ్డు పోయేదాకా గ్లాసు మళ్ళీ మళ్ళీ కడిగించిన మా అత్తయ్యకి’ అని మొదటి వాక్యం.

భర్త వెనకనుంచి తొంగి చూశాడు. పేజీ చివరిదాకా వెతికాడు. “నా మాటేది?”

“రాస్తానండీ,” అంది ఆమె, నిజంగానే కొంచెం చోటు వదులుతూ. “రేపు పాపకి మీరు జడలు వెయ్యండి. వేశాక రాస్తాను.”