చేదు అని రాశాను

కోకో గింజలు వేగుతున్న వాసన.

పొద్దున్నే అక్క ఇంటి వెనక గది తలుపు తీస్తే ముందు ఆ వాసన ఎదురొచ్చేది... ఆ తరవాతే అక్క. మోచేతుల దాకా గోధుమరంగు. ముక్కు మీద కూడా. తుడుచుకో అక్కా అంటే, తుడుచుకోబోయి ఇంకోచోట పూసుకునేది.

మా అక్క చాక్లెట్ చేస్తుంది. నేను వైన్ తాగి జీతం తీసుకుంటాను. ఇద్దరిలో ఎవరు బాగుపడ్డారో బంధువులు ఇప్పటికీ తేల్చుకోలేదు.

నా ఉద్యోగం ఒక వైన్ దుకాణంలో. ఏ చాక్లెట్ పక్కన ఏ వైన్ పెట్టాలో చెప్పాలి. తెల్ల చాక్లెట్‌కి నురగలు తేలే తేలికపాటి వైన్. పాల చాక్లెట్‌కి బాగా ముగ్గనిచ్చి కోసిన ద్రాక్షది. నల్ల చాక్లెట్‌కి...

నల్ల చాక్లెట్ దగ్గరే తప్పు చేశాను.

ఆ ఏడాది అక్క తన మొదటి నల్ల చాక్లెట్ తెచ్చింది. రెండేళ్లు దాని మీదే పడి ఉంది. వేపడం, నూరడం, రుచి చూడడం, పారబొయ్యడం — మళ్లీ మొదటికి. మీ దుకాణం తీసుకుంటే చాలు, ఇక అదొక్కటే చేసుకుంటూ బతికేస్తానంది.

నేను ఉద్యోగంలో కొత్త. అన్నీ తెలిసినదాన్ని అనిపించుకోవాలి. తీపి లేని ఎర్ర వైన్ ఒక గుటక తాగాను. ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలాను. మొహం ముడుచుకుపోయింది.

రుచి ఎలా ఉందో రాసి దుకాణానికి ఇచ్చే కార్డు మీద ఒకే మాట రాశాను.

చేదు.

దుకాణం వద్దంది. అక్క కార్డు చూసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"చేదు కాదే, వగరు," అంది మెల్లగా. "చేదు మింగనివ్వదు. వగరు బుగ్గలు పట్టుకుని కాసేపు ఆగమంటుంది."

నేను నవ్వాను. సొంత సరుకు కదా, అలాగే అంటావులే అన్నాను.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మరుసటి వారం నుంచి అక్క చక్కెర పెంచింది. పాలపొడి కలిపింది. మా దుకాణం తీసుకుంది. ఊరంతా తీసుకుంది. అందరూ బాగుందన్నారు. నేనూ అన్నాను.

ఆరేళ్లు.

ఈలోగా నాకు పని వచ్చింది. వైన్ ఎప్పుడూ చాక్లెట్ కంటే తియ్యగా ఉండాలని — అందరికీ మొదట నేర్పే పాఠం — నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఎర్ర వైన్‌లోనూ ఉన్నది వగరే. రెండు వగరులు ఒకేసారి మీద పడితే నోరు చేదనుకుంటుంది. తప్పు చాక్లెట్‌ది కాదు, గ్లాసుది. ఆ గ్లాసు ఎంచినది నేను.

మొన్న దుకాణంలో అలమర సర్దుతుంటే అక్క అప్పుడు తెచ్చిన నల్ల చాక్లెట్ బార్ ఒకటి దొరికింది. కాగితం మీద అక్క చేతిరాత. లోపల తెల్లటి పొర — బూజు కాదు, కోకో వెన్న పైకి తేలింది. పీపాలో ఏళ్ల తరబడి నిలవ ఉన్న తియ్యటి వైన్ పోసుకున్నాను. ముక్క నాలుక మీద పెట్టి... నమల్లేదు. కరగనిచ్చాను.

వగరు. దాని వెనక ఎండుద్రాక్ష. దాని వెనక, నాకు పేరు పెట్టడం చేతకానిదేదో — మా అక్కది.

కొనడానికి వచ్చినవాళ్లు చూస్తుండగానే ఏడ్చేశాను.

మిగిలిన బారునీ ఆ సీసానీ పట్టుకుని మధ్యాహ్నమే అక్క దగ్గరికి పరుగెత్తాను. తప్పు నాదేనని చెప్పాను. మళ్లీ చెయ్యమని బతిమాలాను. ఈసారి మా దుకాణం కళ్లకద్దుకుంటుందన్నాను.

ఎలా చేసిందో ఎక్కడా రాసుకోలేదట. అప్పట్లో నాలుకే చెప్పేదట — ఇంకాస్త వేపు, ఇక చాలు, దించు అని.

"అయితే ముందు రుచి చూడక్కా. అదే గుర్తొస్తుంది."

అక్క కళ్లు మూసుకుంది. ముక్కని కరగనిచ్చింది. వైన్ ఒక గుటక తాగింది. ఆరేళ్లుగా రోజూ తీపి చూస్తున్న నోరు... నేను ఆ బుగ్గల వంకే చూస్తున్నాను.

కళ్లు తెరిచింది. నేను నొచ్చుకుంటానేమోనని, నా చెయ్యి పట్టుకుని మరీ అంది.

"చేదుగా ఉందే."

ఇన్ని నీళ్లు తాగింది. చేతులు తుడుచుకుని పాలపొడి డబ్బా మూత తీసింది. గది నిండా వాసన... తియ్యగా, కమ్మగా.

కాదక్కా, వగరు — అందామనుకున్నాను.

ఏ నోటితో అనను?