పాత ఫ్రిజ్‌లో పాప చదువు

ఫ్రిజ్‌లు బాగుచేసేవాడికి మోత అంటే భయం ఉండదు. మోత ఆగిపోతేనే చెవులు రిక్కిస్తాడు. ఈ మెకానిక్‌కి ఇంట్లో సరిగ్గా అదే భయం పట్టుకుంది. తల్లీ పెళ్ళామూ నెలంతా ఉప్పూ నిప్పూ. ఐదో తారీఖు పొద్దున మాత్రం ఇంట్లో గొంతు లేవదు.

"అత్తయ్యా, గొడుగు తీసుకున్నారా?"

"తీసుకున్నానమ్మా."

అమ్మా అట! రెండేళ్ళ పాపని చంకనేసుకుని ఇద్దరూ కలిసి బయల్దేరతారు. ఎక్కడికంటే టీకాకి అంటారు. నెలనెలా టీకా ఏమిటి? పాప ఒంట్లో సూదికి ఇంకా చోటుందా?

అనుమానం వీధి గదిలో వరసగా నిలబెట్టిన తన నాలుగు పాత ఫ్రిజ్‌ల మీదికి పోయింది. పాప పుట్టగానే కాలేజీ చదువుకని బ్యాంకులో వేసిన డబ్బు ఎనిమిదో నెలలోనే తీసి వాటిని కొన్నాడు. బాగుచేసి అమ్మితే రెండింతలన్నాడు. ఒకదాంట్లో ఇప్పుడు చెప్పులు పెడుతున్నారు. మిగతావాటిని తూకానికి వేసేద్దామని చూస్తున్నారేమో వీళ్ళు. అవతల పాత ఏసీలు ఆరు చవగ్గా ఉన్నాయి, అడ్వాన్సు ఇమ్మని బేరగాడు ఫోన్ మీద ఫోన్.

ఈసారి ఐదో తారీఖున పనికి వెళ్ళినట్టే వెళ్ళి, తిరిగొచ్చి కిటికీ పక్కన నక్కాడు. గంటకి ఇద్దరూ వచ్చారు. తల్లి అటూ ఇటూ చూసి, మూడో ఫ్రిజ్ తెరిచి, కూరగాయల అరలో ఏదో పెట్టింది.

లోపలికొచ్చి అర లాగాడు. పాప పేరున పాసుపుస్తకం. పద్నాలుగు నెలలుగా వేస్తున్నారు. గడువు, పాపకి పద్దెనిమిది నిండే నెల. తియ్యాలంటే పాప తల్లీ నాయనమ్మా ఇద్దరూ సంతకం పెట్టాలి.

"నా ఫ్రిజ్‌లోనే దాచారా?"

"ఇంట్లో నువ్వు చెయ్యి పెట్టని చోటు అదొక్కటేరా," అంది తల్లి. "ఇప్పట్నుంచీ కొంచెం కొంచెం వేస్తే అది పెరుగుతుంది. నీ ఫ్రిజ్‌లు పెరగవు."

"నేను తండ్రిని కానా?"

"కాదని ఎవరన్నారండీ?" పెళ్ళాం పాప బూట్లు విప్పుతోంది. "ఈమధ్య ఏం కొందామనుకుంటున్నారు?"

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. పాపతో సహా ముగ్గురూ జేబు వైపు చూశారు.

"ఏసీలు వేరేవాళ్ళకిచ్చెయ్," అని పెట్టేశాడు. ఏసీల అడ్వాన్సుకని జేబులో పెట్టుకున్న కవరు తీసి తల్లి చేతికిచ్చాడు. "ఇదీ వెయ్యండి."

తల్లి కవరుని వెలుతురుకి ఎత్తి చూసింది. పెళ్ళాం విప్పి చూసింది.

"వెయ్యడానికి ఎవరైనా వెయ్యొచ్చు," అంది తల్లి. "సంతకం మాట మాత్రం ఎత్తకు."

రెండ్రోజులకి ఉండబట్టలేక మళ్ళీ ఆ అర లాగాడు. తను ఇచ్చిన డబ్బు కట్టిన రసీదు ఉంది. పుస్తకం లేదు. వంటింట్లో అత్తాకోడళ్ళు గిన్నె మూత గురించి ఎప్పటిలాగే దెబ్బలాడుకుంటున్నారు. అతను మెల్లిగా వెళ్ళి చెప్పుల ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాడు.

వంటింట్లో మోత ఠక్కున ఆగిపోయింది.