కల్యామాకు తగువు

పుల్లమ్మకు పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మూతి కొంచెం పక్కకు లాగింది, మాట ముద్దగా వస్తోంది. ఆసుపత్రి నుంచి చిట్యాల దగ్గరి తన ఊరికి తిరిగి రాగానే ఆమె కంట పడింది పెరట్లోని కల్యామాకు చెట్టు, అదే కరివేపాకు. ఆకు లేదు, కట్టె మిగిలింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పక్కింటి రామమ్మ మేకలు వచ్చి మేసిపోయాయి.

అప్పటి నుంచి పుల్లమ్మ మంచం మీద, రామమ్మ గోడ అవతల. భర్త కృష్ణయ్య అన్నం కలిపి తినిపించేవాడు, తల దువ్వేవాడు. ఆమె నోరు తెరిస్తే ఏం చెప్పబోతోందో కూడా ఆయనే చెప్పేవాడు. తరచుగా తప్పు చెప్పేవాడు.

ఫిజియోథెరపిస్టు కోమల ఇంటికి వచ్చి పుల్లమ్మ చేయి ఎత్తించింది, గ్లాసు పట్టించింది, లేపి నిలబెట్టింది. గడప ఎత్తు చూసింది. తర్వాత పక్కన కూర్చుంది.

"అవ్వా, నీ అంతట నువ్వు ఏం చెయ్యాలని ఉన్నది?"

"ఆమెకేముంటది మేడం, నాలుగడుగులేస్తే చాలు" అన్నాడు కృష్ణయ్య.

"ఆమెను చెప్పనీయి తాతా."

పుల్లమ్మ చెప్పింది. ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది.

"రామమ్మను తిట్టాలె."

కోమల నవ్వలేదు. రామమ్మ వాకిలి ఎటు ఉందో అడిగి, వెళ్లి చూసి వచ్చింది. గడప దాటాలి, వాలు దిగాలి, సందు మలుపు తిరగాలి, అక్కడ నిలబడి మాట్లాడాలి. దాన్నిబట్టే సాధన మొదలుపెట్టించింది. గడప పక్కన పట్టుకోవడానికి వెదురుబొంగు కట్టించింది, ఎడమచేతికి కర్ర ఇచ్చింది. పళ్లెం కుడిచేత్తో అదిమిపట్టుకుని ఎడమచేత్తో ఇక ఆమే తినాలంది. కృష్ణయ్యకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ల మీద పెట్టుకుని, కిందపడుతున్న మెతుకులు చూస్తూ కూర్చునేవాడు.

మాట కోసం ఆయన రోజూ పొద్దున రామమ్మలా ఎదురుగా కూర్చోవాలి. పుల్లమ్మ ఒక్కో మాట విడదీసి పలకాలి.

"నీ... మేకల... నోట్ల... మన్నువడ."

"మూగజీవాలు, వాటికేమెర్క?" అన్నాడు కృష్ణయ్య ఒకరోజు.

ఆ పూట పుల్లమ్మ ఆయన్ని తిట్టిన తిట్టు ఎన్నడూ లేనంత స్పష్టంగా వచ్చింది.

వానాకాలం వెళ్లాక ఒక పొద్దున ఆమె కర్ర పట్టుకుని బయలుదేరింది. కృష్ణయ్య వెనకే చేతులు చాపి నడిచాడు, ముట్టుకోలేదు. వాకిట్లో ఉన్న రామమ్మ చూసి కుర్చీ తెచ్చి వేసింది. పుల్లమ్మ కూర్చోలేదు. అనాల్సింది అనేసింది.

"ఏమంటున్నవక్కా? సమజ్ గాలే. జర మెల్లగ చెప్పు."

మెల్లగా చెప్పింది. రామమ్మకు ఈసారి అర్థమైంది. కొంగు నడుముకు బిగించింది.

"మా మేకలే తిన్నయని నువ్వు జూసినవా? దవాఖానల ఉంటివి గద!"

జబ్బు చేసినప్పటి నుంచి వాడకట్టంతా పుల్లమ్మతో పసిపిల్లతో మాట్లాడినట్టే మాట్లాడుతోంది. ఆమె మీద గొంతు లేపింది రామమ్మ ఒక్కతే. పుల్లమ్మకు ప్రాణం లేచి వచ్చింది. కాలు పీకుతున్నా నిలబడే ఉంది. అలసటకు మాట ముద్దయితే రామమ్మ ఆగేది, "మల్లొక్కసారి చెప్పు" అనేది, పూర్తిగా విని అప్పుడు ఎదురు తిట్టేది.

తగువు తేలలేదు. మర్నాడు మిగతాది చెప్పడానికి రామమ్మే వచ్చింది. కోమల వచ్చేసరికి ఇద్దరూ మంచం మీద కూర్చుని, ఎప్పటిదో నల్లా నీళ్ల గొడవ దాకా వెళ్లారు. కృష్ణయ్య చాయ్ పెట్టి ఇచ్చాడు. వాళ్లు ఎప్పుడు ఆపితే అప్పుడు కాలు చూద్దామని కోమల చాయ్ తాగుతూ కూర్చుంది.