చివరివాడి పని

చింతామణి స్కౌట్ దళానికి యాభై ఏళ్లు నిండాయని స్మారక సంచిక వేయాలనుకున్నారు. దళం చరిత్ర రాసే పని పురుషోత్తమ్‌కు అప్పజెప్పారు. దళాన్ని పెట్టిందీ ఆయనే, ముప్పై ఏళ్లు నడిపిందీ ఆయనే. మొదటి పద్నాలుగేళ్ల కథ మూడు రోజుల్లో రాసేశాడు. కైవారంలో తప్పిపోయిన పిల్లల్ని వెతికిపెట్టడం, కరువులో ఊళ్లకు నీళ్లు మోయడం, ఏదీ వదల్లేదు. సొంత గొప్పలు రాసుకోవడానికి ఎవరి కలం ఆగుతుంది గనక! పదిహేనో ఏడు దగ్గర మాత్రం ఆగింది. ఎల్లుండి అచ్చుకు పోవాలి.

ఆ ఏడు సోమేనహళ్ళి దాపున గుట్ట మీద శిబిరం వేశారు. అమరనాథ్ అనే పన్నెండేళ్ల పిల్లాడు నీళ్లు నిండిన పాత క్వారీ గుంతలో పడి చనిపోయాడు. మాట వినకుండా దళాన్ని వదిలి తిరిగాడని అందరూ అన్నారు. ఆ మాట మొదట అన్నది పురుషోత్తమే.

జరిగింది వేరు. జాడ తీసే ఆటలో దారి పొడవునా రాళ్లతో బాణం గుర్తులు పెడతారు. దళం వాటిని చూసుకుంటూ ముందుకు పోతుంది. అందరికన్నా వెనక వచ్చేవాడు ఒక్కో గుర్తునూ చెరిపేసి రావాలి. అది చివరివాడి పని. ఆ పొద్దున తాను పెట్టిన బాణాలు గుంత వైపు పోతున్నాయని చూసుకుని పురుషోత్తమ్ వేరే దిక్కున కొత్తవి పెట్టాడు. ముందు రాగిముద్ద తిందాం, పాతవి తర్వాత తీయొచ్చులే అనుకున్నాడు. తిని, మరిచిపోయాడు. దళాన్ని కొత్త దారిన తానే నడిపించాడు. ఆ రోజు చివరివాడు అమరనాథ్, వెనకబడి పాత బాణాల వెంట పోయాడు.

సాయంత్రం వెతకబోతే దారిలో పాత బాణం ఒక్కటీ లేదు. పిల్లాడు చెప్పిన పని చేసుకుంటూ పోయాడు. గుంత అంచున చివరిది సగం చెరిగి ఉంది. పురుషోత్తమ్ ఆ మిగిలిన రాళ్లను నీళ్లలోకి తన్నాడు. ఆ తర్వాతే జనాన్ని కేకేశాడు.

అప్పట్నుంచి నేల మీద నాలుగు రాళ్లు పక్కపక్కన ఉంటే ఆయన కంటికి బాణమే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అటూ ఇటూ చూసి కాలితో చెదరగొట్టేవాడు. ఒకసారి భార్య చౌడమ్మ వాకిట్లో మూడు రాళ్లు పెట్టి నీళ్లు కాచుకుంటుంటే ఆ పొయ్యినీ తన్నాడు. మొగుడికి రాళ్ల పిచ్చని ఆమె వీధంతా చెప్పి నవ్వింది. కానీ తన్నిన ప్రతిసారీ ఎవరో వెనక వంగి ఆ రాళ్లు ఏరుతున్న చప్పుడు ఆయనకు వినబడేది. తిరిగి చూడాలంటే ఒళ్లు చల్లబడేది. ఈ వారమంతా ఆ చప్పుడు కుర్చీ వెనకాలే ఉంది.

సంచికలో వేయడానికి పిల్లాడి ఫోటో తెమ్మన్నారు. మింగలేక కక్కలేక కెంచార్లహళ్ళికి, వాడి తల్లి లక్ష్మీదేవమ్మ ఇంటికి పోయాడు. గోడ మీద ఆమె మొగుడి పటం ఉంది, దండ ఉంది. కొడుకు పటం లేదు. ఎందుకు లేదని అడిగాడు.

"మాట ఇనని కొడుకని కోపం సార్. గోడకు పెట్టలే. వాని పేరున ఒక ఏడన్నా ఆకులో అన్నం పెట్టలే. మా ఇంటాయన బతిమాలి బతిమాలి పోయినాడు. ముప్పై అయిదేండ్లుగా వాన్ని తిట్టుకుంటానే ఉండాను."

చచ్చినవాడు ఇన్నేళ్లుగా తిట్లు తింటున్నాడని పురుషోత్తమ్‌కు తెలీదు.  మొత్తం చెప్పేశాడు. ముద్ద తినడం చెప్పాడు, రాళ్లు తన్నడం చెప్పాడు.

 ఆమె ఒక్కటే అడిగింది.

"యాడిదాకా చెరిపినాడు?"

"అంచు దాకానమ్మా. ఆఖరుది కూడా సగం చెరిపినాడు."

ఆమె లేచి పెట్టెలోంచి కొడుకు ఫోటో తీసింది. కొంగుతో తుడిచింది, మళ్లీ తుడిచింది. తనను కొడుతుందని, దుమ్మెత్తి పోస్తుందని పురుషోత్తమ్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె ఫోటో తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అంతా రాయండి సార్. మీరు చెప్పిన అబద్ధాన్ని వాళ్లమ్మ కూడా నమ్మిందని రాయండి."