కొవ్వొత్తి ఆరితే కథ అయిపోయినట్టే

ఆ ఊరి లైబ్రరీలో శనివారం కిటికీల తెరలు దించి, కొవ్వొత్తి వెలిగించి కథ మొదలుపెడతారు. చివర్లో పిల్లల్లో ఎవరో ఒకరు దాన్ని ఊదేస్తారు. ఆరితే కథ అయిపోయినట్టే.

మూడున్నరేళ్ల కూతురు నావోతో అక్కడికి చేరేలోపే సయోకో బస్సులో రెండుసార్లు, చెప్పుల అర దగ్గర ఒకసారి నడుం వంచి మన్నించమంది. చేసిన నేరమల్లా పిల్ల గొంతు పెద్దది కావడం.

కథ చెప్పే మురాసే గారు గొంతు తగ్గించారు. "పిల్లాడు బియ్యప్పెట్టెలో నక్కాడు. రాక్షసుడు వచ్చి మూత మీద చెయ్యి వేసి..."

నావో లేచి గబగబా ముందుకెళ్లి కొవ్వొత్తిని ఉఫ్‌మని ఊదేసింది. గదంతా చీకటి.

"అయ్యో, ఇంకా అవలేదు కదమ్మా!" అన్నారు మురాసే గారు.

"అయిపోయింది! ఇంక వాడు తినలేడు!"

పక్కన కూర్చున్న మరో తల్లి, సయోకో వైపు తిరిగి సణిగింది. "ఏంటండీ ఇది? పిల్లకి కాస్త భయం చెప్పుకోరా?"

సయోకో నడుం అలవాటుకొద్దీ వంగబోయింది. సగంలో ఆగి నిటారుగా కూర్చుంది.

"భయం చెప్పాల్సింది ఆ రాక్షసుడికండీ. ఇంతమంది పెద్దవాళ్లం చోద్యం చూస్తూ కూర్చున్నాం. లేచింది ఇదొక్కతే."

మురాసే గారు అగ్గిపుల్ల గీసి, సందేహంగా ఆగారు. ఆ వెలుగులో నావో బుగ్గల నిండా గాలి పట్టి నిలబడి ఉంది.

"వెలిగించండి," అంది సయోకో. "మా పిల్ల దగ్గర ఊపిరి ఇంకా బోలెడుంది."