రంగు కింది ఇనుము

సొరంగంలోకి దూరిన కాసేపటికే మోటారుసైకిలు ముందు దీపం ఆరిపోయింది.

దూరపు ఉత్తరాన, ఆ చలి దీవిలో కొండను తొలిచిన ఇరుకు దారి అది. లోపల ఎక్కడా దీపాలుండవు. ఒక్క బండి పట్టేంత వెడల్పు. ఎదురొచ్చేవాళ్ళకు తప్పుకోవడానికి అక్కడక్కడా రాతిలో చెక్కిన గూళ్ళు. సున్వా బ్రేకు నొక్కింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి, తడిరాతి వాసన. కాలితో నేలను తడుముకుంటూ, చేత్తో గోడను పట్టుకుంటూ బండిని ఒక గూట్లోకి తోసింది.

భయం వేయలేదు. భయం కంటే చెడ్డది కలిగింది: ఇలాగే అవుతుందని తనకు ముందే తెలుసన్న నమ్మకం. అది ఆమెకు పాత పరిచయమే. కిందటి శరత్కాలంలో మనసు కుంగి ఆసుపత్రి మంచం మీద ఉన్నన్నాళ్ళూ అది వచ్చి పక్కన కూర్చునేది. నువ్వు ఏది ముట్టుకున్నా ఇంతే అని, కోపం లేకుండా, చాలా మర్యాదగా చెప్పేది.

ఆ మధ్యాహ్నం సొరంగానికి అవతల, రేవు పట్నం చర్చిలో, చెల్లెలు బిరిటా కూతురికి జ్ఞానస్నానం. పాపను ఎత్తుకోవలసిన జ్ఞానతల్లి సున్వా. పాస్టరు అడిగితే పాప పేరు నలుగురిలో పైకి చెప్పాల్సిందీ ఆమే. చెప్పేదాకా ఆ పేరు తల్లిదండ్రులకూ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు.

"మా ఆయన కారు తెస్తాడక్కా, నువ్వు ఊరికే కూర్చుని రా," అంది బిరిటా పొద్దున ఫోనులో.

"నా బండి మీద నేనే వస్తాను."

"సరే. ఒకవేళ నీకు కుదరకపోయినా మా అత్తగారు ఎత్తుకుంటుందిలే. కంగారు పడకు."

కంగారు పడకు. ఆసుపత్రి నుంచి వచ్చాక అందరూ ఆమెతో అదే మాట అంటున్నారు. గాజు సామాను పెట్టె మీద 'జాగ్రత్త' అని రాసినట్టు.

అవతలి వైపు నుంచి వెలుగు వచ్చింది. మొదట గోడల మీద తడి మెరిసింది, తర్వాత ఒక వ్యాను మెల్లగా దగ్గరికొచ్చి ఆగింది. అద్దం దిగింది.

"ఎవరది? సున్వావా? గొర్రె అనుకున్నాను కదే!"

గట్టింటి హానుస్. చేపల ఓడల్లో ఇంజన్లు చూసి చూసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న ముసలాయన. సున్వా ఇంటికి పైనున్న ఇల్లు ఆయనది.

"గొర్రెకి హెల్మెట్ ఉంటుందా?" అంది సున్వా.

"గొర్రె నయం, ఒక కేకేస్తే ఇంటికి పోతుంది. నువ్వు పోవు. దీపం పోయిందా?"

"పోయింది."

"బండి తిప్పు. నా ముందు నడుపు. వెలుగు నేనిస్తా."

ఆమె తిప్పింది. వ్యాను దీపాల వెలుగులో, తన నీడే పొడుగ్గా ముందు పరుగెడుతుంటే, ఊరివైపు నడిపింది. బయటికి రాగానే జూన్ నెల వెలుగు, సముద్రం, మీద అరుస్తున్న పిట్టలు. దీపం దానంతటదే వెలిగి ఉంది.

"చూశావా," అన్నాడు హానుస్ వ్యాను దిగి. "నిన్ను ఏడిపిస్తోంది."

సున్వా నవ్వలేదు. ఆ బండిని చలికాలమంతా ఇంటి కింది గదిలో విప్పి, కడిగి, గీకి, రంగు వేసి, మళ్ళీ బిగించింది తనే. మంచం మీంచి లేవడానికి ఇంకే కారణమూ లేని రోజుల్లో, రంగు ఆరిందో లేదో చూడాలన్న ఆలోచన ఒక్కటే ఆమెను మెట్లు దింపేది. ఆ పని తప్పయితే ఆ చలికాలం తప్పు. తను బాగుపడ్డానని అనుకోవడమూ తప్పే.

కింది గదిలో బండి నిలబెట్టారు. హానుస్ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చాడు, ఊళ్ళో అందరూ వచ్చినట్టే. ఫ్లాస్కులోంచి కాఫీ తనే ఒంపుకుని బోర్లించిన బక్కెట్టు మీద కూర్చున్నాడు.

"టైముంది. కావాలంటే వ్యానులో దింపేస్తా, పది నిమిషాల పని. లేదంటే చూద్దాం. నీ ఇష్టం."

"చూద్దాం."

"అయితే చెప్పు. బల్బు?"

"కొత్తది."

"ఫ్యూజు?"

"బాగానే ఉంది. బ్యాటరీ రాత్రే ఛార్జి చేశాను."

"అయితే మాటలొద్దు, టెస్టు లైటు తియ్."

పెన్నులాంటి పుల్లకి చిన్న బల్బూ, తోకలా ఒక వైరూ ఉన్న పనిముట్టు అది. సున్వా తోకను బ్యాటరీ మైనస్‌కి తగిలించి, పుల్లతో స్విచ్చి దగ్గర ముట్టించింది. వెలిగింది. హెడ్‌లైటు వెనక ప్లగ్గులో ముట్టించింది. అక్కడా నిండుగా వెలిగింది.

"కరెంటు ఇక్కడి దాకా వస్తోంది," అంది.

"మరి ఏం రోగం? హ్యాండిల్ తిప్పి చూడు."

నేరుగా ఉంటే హెడ్‌లైటు ఎర్రగా, నీరసంగా వెలుగుతోంది. ఎడమకు తిప్పితే ఆరింది. హారన్ నొక్కితే హారనూ గొంతు పట్టేసినట్టు మూలిగింది, దీపమూ కుంగింది.

"ఒకళ్ళ ఊపిరి ఇంకొకళ్ళు లాక్కుంటున్నారు," అన్నాడు హానుస్. "నా మొదటి పెళ్ళిలా ఉంది."

ఈసారి సున్వాకి నవ్వు ఆగలేదు. నవ్వుతూ హ్యాండిల్ సరిచేయబోయి క్లచ్ కేబుల్ మీద చెయ్యి వేసి ఠక్కున తీసేసింది.

"హానుస్! ఇది కాలుతోంది."

"క్లచ్చా? బండి నడవట్లేదు కదా, ఎందుకు కాలుతుంది?"

ఇద్దరూ ఆ కేబుల్ మీదికి వంగారు. హ్యాండిల్ నుంచి ఇంజను దాకా వెళ్ళే మామూలు ఉక్కు తీగ. క్లచ్ లాగడం తప్ప దానికి వేరే పని లేదు. కరెంటు దాన్ని ఎందుకు పట్టుకుంది? వేరే దారి లేక. హెడ్‌లైటు దాకా వచ్చిన కరెంటు బ్యాటరీకి తిరిగి పోవాలి. పోవలసింది బండి ఇనుము మీదుగా. ఆ దారి మూసుకుపోతే దొరికిన సందుల్లోంచి దూరి పోతుంది, అది మోయలేని తీగ అయినా సరే.

ఇప్పటిదాకా సున్వా వెతికింది వచ్చే దారినే. దీపానికి ఏమి అందుతోంది, ఎంత అందుతోంది అని. తిరిగి పోయే దారి ఒకటుంటుందని ఆమెకు తోచనే లేదు.

ఆ తీగ మీద మళ్ళీ, ఈసారి మెల్లగా, వేలు పెట్టింది. బిరిటా గుర్తొచ్చింది. అప్పుడప్పుడే పెరుగుతున్న పొట్టతో వారం వారం ఆసుపత్రికి వచ్చి, ఏమీ అడక్కుండా ఊలు అల్లుకుంటూ కూర్చున్న బిరిటా. అది చెల్లెలు మోయవలసిన బరువు కాదు. అయినా మోసింది. బిరిటా కసురుకున్నప్పుడల్లా తన మీద విసుగనుకుంది సున్వా. విసుగు కాదేమో. వేడెక్కడమేమో.

"ఆ తిరిగి పోయే ఎర్తు వైరు ఎక్కడ బిగించావు?" అన్నాడు హానుస్.

"పాతది ఎక్కడుందో అక్కడే. ఇదిగో, హ్యాండిల్ కింద, ఛాసిస్ మెడ దగ్గర."

హానుస్ ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొస హెడ్‌లైటు గిన్నెకీ, రెండో కొస బ్యాటరీ మైనస్‌కీ ఆనించాడు. గది గోడ మీద తెల్లటి వెలుగు గుండ్రంగా పడింది. హ్యాండిల్ ఎటు తిప్పినా చెక్కు చెదరలేదు.

బోల్టు విప్పి చూశారు. మెడ దగ్గర ఇనుము నున్నగా, నల్లగా, అద్దంలా మెరుస్తోంది. మీద ఒక పూత, కింద ఇంకో పూత, అన్నిటికీ అడుగున తుప్పు పట్టనివ్వని మందు. బోల్టు పట్టే కన్నంలోకి కూడా సన్న కుంచె పెట్టి మరీ వేసింది. ఉప్పుగాలి ఊళ్ళో ఇనుముకి రంగు వేయడమంటే అదే. కంచె మేకులకీ, పడవ కొట్టం గొళ్ళేలకీ అలాగే వేస్తారు.

"రంగు మీద వైరు బిగించాను, రంగులోంచి కరెంటు పోదు," అంది సున్వా. "నేనే చేశాను."

హానుస్ కప్పు కింద పెట్టి, టోపీ తీసి, నెత్తి గోక్కున్నాడు.

"ఆ డబ్బా ఎవరిచ్చారు నీకు?"

"నువ్వే. పడవకి వేయగా మిగిలిందని."

"ఇచ్చి ఏమన్నాను?"

"గోరంత ఇనుము కూడా బయటికి కనపడకూడదన్నావు."

"హు! పడవ అడుగున తుప్పు పట్టకుండా జింకు బిళ్ళలుంటాయి చూడు, వాటికి రంగు వెయ్యొద్దురా వెధవల్లారా అని ఓడలో ప్రతి కొత్తవాడినీ తిట్టిన నోరు ఇది. రంగేస్తే అవి పని చెయ్యవు. అదే మాట నీకు చెప్పడానికి నోరు రాలేదు." తల అడ్డంగా ఊపాడు. "నువ్వు రంగు వేస్తుంటే నాకెంత సంతోషమేసిందంటే, కనపడిందల్లా పూసెయ్ అనేశాను. అసలు నువ్వు లేచి నిలబడడమే..." ఆ మాట అక్కడే మింగేసి, జేబులోంచి చాకు తీసి ఇచ్చాడు. "గీకు. రూపాయి బిళ్ళంత చాలు."

"రూపాయా?" అనబోయింది సున్వా, ఆయన కుర్రప్పుడు తిరిగిన దూరపు రేవుల మాటలు అలా దొర్లుతూనే ఉంటాయి. నవ్వుకుని చాకు అందుకుంది.

మొదటి గీటు పెట్టడానికి చెయ్యి రాలేదు. తర్వాత వచ్చింది. నల్లటి పొర చుట్టలు చుట్టుకుని రాలింది. కింద ఇనుము బయటపడింది, బూడిద రంగులో, తర్వాత వెండిలా. చలికాలం పని అంతా చెడిపోలేదు. నాణెమంత చోట ఎక్కువయింది, అంతే. కాపాడుకోవాలని వేసిన పూత ఒక్కచోట వెలుగుకి అడ్డుపడింది. ఆ ఒక్కచోటు తెరిస్తే చాలు.

వైరు బిగించి, తుప్పు పట్టకుండా గ్రీజు రాసింది. స్విచ్చి వేసింది. దీపం నిండుగా వెలిగింది. హారన్ నొక్కితే హానుస్ ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసుకున్నాడు.

"చంపేస్తావటే!"

"హానుస్."

"ఏం?"

చలికాలంలో ఆమె తలుపు గడియకి ఎవరో చేపలు కట్టి వెళ్ళేవారు. పేరుండేది కాదు. ఇక్కడ ఎవరూ పేరు చెప్పరు. తెచ్చినవాళ్ళెవరో తెలియక, తెలుసుకునే ఓపిక లేక, ప్రతి చేపనూ ఒక అప్పులా లోపలికి తెచ్చుకునేది. కృతజ్ఞత అనేది ఆమెకు మెడ వంచే బరువుగానే తెలుసు. ఇప్పుడు అది బరువుగా లేదు. పోవలసిన దారిన పోతోంది.

"థాంక్స్," అంది. "రంగుకి. చేపలకి. వెలుగిచ్చినందుకు."

"చేపలు నేనొక్కణ్ణే కాదు, ఊరంతా," అన్నాడు హానుస్ తడిసిన ప్యాంటు దులుపుకుంటూ. "చేతులు కడుక్కో. ఆ గ్రీజుతో పాపని పట్టుకుంటే బిరిటా మనిద్దర్నీ సముద్రంలో తోస్తుంది."

సొరంగంలో తన వెలుగు తన ముందు నడిచింది. మధ్యలో ఒక గూట్లో ఎవరిదో కారు దీపాలు తగ్గించుకుని ఆమె కోసం ఆగి ఉంది. లోపలెవరో కనపడలేదు. సున్వా చెయ్యి ఎత్తింది.

చర్చిలో జ్ఞానస్నానానికి ముందు పాట అయిపోతుండగా వెళ్ళి నిలబడింది. పాపను తీసుకోవడానికి ముందుకొచ్చిన బిరిటా అత్తగారు మారియున్ ఆమెను చూసి పక్కకి జరిగింది. పొడవాటి తెల్లగౌనులో ఉన్న పాపను చేతుల్లోకి తీసుకుంది సున్వా. అనుకున్నదానికంటే బరువుంది.

"ఈ బిడ్డ పేరేమిటి?" అన్నాడు పాస్టరు.

"ఎల్స్‌పా," అంది సున్వా. వెనక బల్లల దాకా వినపడింది.

నీళ్ళు నెత్తిన పడగానే ఎల్స్‌పా చర్చి కప్పు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. పాప జారకుండా సున్వా పట్టు మార్చుకుంది. మారియున్ చప్పున చేతులు చాపింది.

"ఇలా ఇవ్వమ్మా, నేను పట్టుకుంటా."

"ఉండనీ మారియున్," అంది బిరిటా, వెనక్కి తిరిగి కూడా చూడకుండా. "అక్క దగ్గరుందిగా."