తెల్లచుక్కలో ఈనె

ముందు వెలుగు వస్తుంది.

నొప్పి ఆ తర్వాత.

కంటి అంచున ఒక సన్నటి మెరుపు... వంకరటింకరగా, రంపపు పళ్ళలా, వణుకుతూ. మెల్లగా పెద్దదవుతుంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖంలో సగాన్ని మింగేస్తుంది. అప్పుడు మా చెల్లి చేతిలో ఉన్నది కింద పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా, చీకటిగదిలోకి వెళ్ళిపోతుంది.

చిన్నప్పటి నుంచీ ఇంతే.

చిన్నప్పటి నుంచీ ఆ గది గుమ్మం దగ్గర కూర్చునేది నేను. తలుపు కింద సందులోంచి వెలుగు పోకుండా పాత గుడ్డ కుక్కేదాన్ని. గిన్నె చప్పుడైతే అమ్మ మీద కూడా కళ్ళెర్రజేసేదాన్ని. వీధిలో ఎవడైనా హారన్ కొడితే, పెదవి కదపకుండా వాణ్ణీ వాడి ఏడు తరాలనీ తిట్టుకునేదాన్ని. ఇంట్లో అందరూ నన్ను కాపలా అక్క అనేవాళ్ళు. పేరుకి తగ్గట్టే ఉండేదాన్ని.

అలాంటి నేను ఇప్పుడు చెవులు చిల్లులు పడేలా మోగే యంత్రాన్ని నడుపుతున్నాను. మనిషిని పడుకోబెట్టి, సొరంగంలోకి తోసి, తల లోపలి బొమ్మ తీసే యంత్రం.

తలుచుకుంటే నవ్వొస్తుంది. రాదు కూడా.

మా ఆసుపత్రిలో ఒక పరిశోధన జరుగుతోంది. రెండు జబ్బుల మీద. ఒకటి మైగ్రేన్. రెండోది మల్టిపుల్ స్క్లెరోసిస్ — పలకడానికే నోరు తిరగదు. కరెంటు తీగకి ఉన్నట్టే నరాలకీ ఒక తొడుగు ఉంటుంది. జబ్బుల నుంచి ఒంటిని కాయాల్సిన కణాలే తిరగబడి ఆ తొడుగుని కొరికేస్తాయి. కాపలావాళ్ళే ఇంటిమీద పడ్డట్టు. ఎందుకో ఎవరికీ తెలియదు. మందులతో కొంత ఆపగలరు. పోయినదాన్ని తెచ్చిపెట్టలేరు.

రెండు జబ్బుల్లోనూ మెదడు బొమ్మలో తెల్లచుక్కలు కనిపిస్తాయి.

అదే చిక్కు.

చుక్కని చూసి ఇది ఫలానా జబ్బుదని చెప్పడానికి తలపండిన డాక్టర్లు కూడా తటపటాయిస్తారు. అందుకే ఈ పరిశోధన. కొత్త పద్ధతిలో బొమ్మ తీస్తే, కొన్ని చుక్కల నడుమ ఒక సన్నటి నల్లగీత కనిపిస్తుంది. అది రక్తనాళం. ఆకులో ఈనె ఉన్నట్టు ఉంటుంది. మైగ్రేన్ చుక్కల్లో చాలావరకు ఈనె ఉండదు. ఆ రెండోదాని చుక్కల్లో చాలావరకు ఉంటుంది.

చాలావరకు...

ఇప్పుడు ఆ ఒక్క మాటని పట్టుకుని వేలాడుతున్నాను.

పోల్చి చూడటానికి మైగ్రేన్ ఉన్నవాళ్ళు కావాలన్నారు. మా చెల్లి ఉంది కదా అన్నాను. నన్నెవరూ అడగలేదు. నేనే అన్నాను. చెల్లి కూడా మారుమాట లేకుండా ఒప్పుకుంది. ఇన్నేళ్ళూ ఊరికే పడ్డ నొప్పి ఎవరికో ఒకరికి అక్కరకొస్తుందంటే కాదని ఎందుకంటానంది.

చెల్లి బోర్డులు రాస్తుంది. దుకాణాల మీద, బడిగోడల మీద. నిచ్చెన మీద నిలబడి, ఒక చేతిలో రంగుడబ్బా, ఒక చేతిలో కుంచె. అచ్చు బోర్డులొచ్చి ఆ పని చేసేవాళ్ళందరి పొట్టా కొట్టాయి. అయినా దాని చేతి అక్షరమే కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎరుపంటే దానికి ప్రాణం. దారిన పోయేవాణ్ణి కంటితో పట్టి లాగకపోతే అదేం బోర్డంటుంది.

బొమ్మ తీయించుకోవడానికి ఆ పొద్దున వచ్చింది. బయట గాలి. జుట్టంతా చెదిరిపోయి, మొహం నిండా నవ్వుతో.

యంత్రం పెద్ద అయస్కాంతం, ఇనుము ఏదీ ఆ గదిలోకి పోకూడదు. పిన్నులు, కమ్మలు, గొలుసు... ఒక్కొక్కటే తీసి ట్రేలో పెట్టాను. జుట్టులో ఒక ఆకు చిక్కుకుని ఉంది. దాన్నీ తీసి ట్రేలో పెట్టాను. ఇది కూడా ఇనుమేనా అని వెక్కిరించింది.

అప్పుడే రంగుల కొట్టు సంగతి చెప్పింది.

కిందటి నెల ఒకరోజు ఎడమ కంట్లో నలుసు పడిందట. ఆ కన్ను మూసుకునే కొట్టుకి వెళ్ళిందట. డబ్బా మూత తీయిస్తే ఎరుపు వెలవెలబోతూ ఉందట, ఎన్నో ఉతుకులు ఉతికిన చీరలా. ఇటుకపొడి కలిపావా అని పదిమంది ముందూ కొట్టువాణ్ణి కడిగేసిందట. పాపం అతను ఇంకో డబ్బా తీశాడు. అదీ అంతే. ఇంకోటి. అదీ అంతే. చివరికి అతనే చెంబుడు నీళ్ళిచ్చి, ముందు ఆ కన్ను కడుక్కోమ్మా అన్నాడట. నలుసు పోయింది. ఎడమ కన్ను తెరిచింది. ఎరుపు భగ్గుమంది.

పాలిపోయింది రంగు కాదు.

సిగ్గుతో చచ్చి, అక్కరలేని డబ్బా కూడా ఒకటి కొనుక్కుని వచ్చేశానని పడిపడి నవ్వింది. కొన్నాళ్ళకి ఆ కుడికన్ను అదే సర్దుకుందట. అంతా తలనొప్పి వేషాలే అంది.

నేనూ నవ్వాను. మా ఇంట్లో ఏమొచ్చినా తలనొప్పి నెత్తిన రుద్దడం అలవాటు. చెయ్యి తిమ్మిరెక్కితే తలనొప్పి. నడుస్తూ కాలు తడబడితే తలనొప్పి. ఒంట్లో సత్తువ లేకపోతే తలనొప్పి. అది ఒకటుంటే చాలు, ఇంకే జబ్బునీ అనుమానించే పని లేదు.

చెవుల్లో దూది పెట్టాను. తలచుట్టూ బోనులాంటి తొడుగు బిగించాను. చేతిలో రబ్బరు బంతి పెట్టాను, భయమేస్తే నొక్కమని. బల్ల లోపలికి జరుగుతుంటే ఒక్కటే మాట అంది.

"అందరితో అనే మాటలు నాతో అనకక్కా. విసుగ్గా ఉంటుంది."

నిజమే. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య చప్పుడు ఆగుతుంది. అప్పుడు మీట నొక్కి లోపలున్నవాళ్ళతో మాట్లాడాలి. లేకపోతే ఆ సొరంగంలో మనిషి బెంబేలెత్తిపోతుంది. బాగుంది, ఇంకొక్కటే, కదలకుండా పడుకోవాలి. ఎవరితోనైనా ఇవే మాటలు. లెక్కలేనంతమందితో అన్నాను. సంతలో ధర చెప్పినట్టు అలవాటైపోయింది.

చెల్లితో వేరే మాటలన్నాను.

చప్పుడు. ఆగింది. నిద్రపోతే గురక బొమ్మలో పడుతుంది జాగ్రత్త అన్నాను. చప్పుడు. ఆగింది. నీ తలలో కూడా అంతా ఎర్రరంగే ఉందే అన్నాను. లోపల కిసుక్కుమంది. నవ్వకు, తల కదులుతుంది అని కోప్పడ్డాను.

చప్పుడు.

ఆగింది.

తెరమీద చుక్కలు. ఉంటాయని తెలుసు. ఇన్నేళ్ళ మైగ్రేన్ కదా, ఉండవా మరి...

ఒక చుక్కలో ఈనె.

పక్కదానిలో లేదు. హమ్మయ్య.

దాని కిందదానిలో ఈనె. ఆ పక్కన ఈనె. ఇంకొకటి, పెద్దది — నిలువునా ఈనె.

ఎరుపు.

పాలిపోయిన ఎరుపు గుర్తొచ్చింది. చేతి తిమ్మిరి గుర్తొచ్చింది. తడబడిన కాలు గుర్తొచ్చింది. అన్నీ ఆ రెండో జబ్బు ఆనవాళ్ళయి వరసకట్టి వచ్చి నా ముందు నిలబడ్డాయి. నేను డాక్టర్ని కాను. బొమ్మ తీయడం వరకే నా పని, చదవడం కాదు. చదవకూడదు కూడా. కానీ కళ్ళకి ఆ సంగతి ఎవరు చెబుతారు?

మీట మీద వేలుంది. నొక్కలేదు.

గదిలో ఏసీ గాలి వీస్తోంది. లోపల మా చెల్లి పడుకుని ఉంది. నా మాట కోసం. నేను మాట్లాడాలి. ఏదో ఒక హాస్యం ఆడాలి.

బంతి నొక్కింది. నా పక్కన గంట మోగింది.

"అక్కా... ఉన్నావా?"

"ఉన్నాను," అన్నాను. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చింది ఇదీ — "బాగుంది. ఇంకొక్కటే. కదలకుండా పడుకోవాలి."

బయటికొచ్చాక చెల్లి ట్రేలోంచి తన వస్తువులు తీసుకుంది. అద్దం ముందు నిలబడి కమ్మలు పెట్టుకుంది. గొలుసు వేసుకుంది. పిన్నులు ఒక్కొక్కటే పెదవుల మధ్య పెట్టుకుని జుట్టు ముడేసుకుంది. ఆఖరి పిన్ను పెట్టుకున్నాక, అద్దంలోంచే నన్ను చూస్తూ అంది.

"చాలాసేపు మాట్లాడలేదు నువ్వు."

ఫోనొచ్చిందన్నాను.

"చిన్నప్పుడు తలుపవతల నువ్వు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేది నాకు. ఇవాళ అది కూడా వినిపించలేదు."

వెళ్ళిపోయింది. ట్రేలో ఆకు మిగిలింది. వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశాను. పనికిమాలిన పని. ఆకన్నాక ఈనె ఉంటుంది.

పరిశోధన చూసే డాక్టరు మంచివాడు. అదే నా ఖర్మ. మంచివాడు కాకపోతే కనీసం అతని మీద కోప్పడేదాన్ని. బొమ్మలు ఒకటికి రెండుసార్లు తిప్పి చూశాడు. కళ్ళజోడు తీశాడు. కొన్ని చుక్కల్లో ఈనె ఉంది, కొన్నిట్లో లేదు, ఒక్క బొమ్మతో తేల్చలేమన్నాడు. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయాలి. కొన్ని నెలలాగి మళ్ళీ బొమ్మ తీయాలి. అప్పుడు కూడా తేలుతుందని మాటివ్వలేనన్నాడు. తనే పిలిపించి చెబుతానన్నాడు. అంతవరకూ నేను నోరు విప్పకూడదన్నాడు. అక్కవి కాబట్టే అసలు విప్పకూడదన్నాడు.

సరేనన్నాను. అంతకంటే ఏం చేతనవును నాకు? తలుపు సందులో గుడ్డ కుక్కడం చేతనవును. ఈ యంత్రం మీటలు చేతనవును.

మర్నాడు చెల్లి ఒక చెప్పుల దుకాణానికి బోర్డు రాస్తోంది. నిచ్చెన ఎక్కొద్దని చెప్పాలి. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? అందుకని వెళ్ళి నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఆసుపత్రికి సెలవు పెట్టి మరీ. ఇదేంటక్కా కొత్తగా అంది పైనుంచి. పనేం లేదులే అన్నాను. నా మొహం, నాకు అబద్ధమాడటం ఎప్పుడొచ్చింది కనుక.

అది రాస్తూ ఉంది. పైనుంచి సన్నటి ఎర్రచుక్కలు నా చేతిమీద పడుతున్నాయి. నేను దాని మడమలనే చూస్తున్నాను. మడమ కాస్త వణికితే నిచ్చెనని ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాను. గాలికి వణికిందో, నిచ్చెనకి వణికిందో...

సగం అక్షరం దగ్గర కుంచె ఆగింది.

ఒక కన్ను మూసుకుంది. తెరిచింది. రెండోది మూసుకుంది. తెరిచింది. బోర్డు కేసే చూస్తూ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత కుంచె డబ్బాలో పెట్టి, ఒక్కొక్క మెట్టే దిగి, నాతో కూడా చెప్పకుండా ఇంటిదారి పట్టింది. నేను వెనకే నడిచాను.

చీకటిగది. తలుపు వేసుకుంది.

గుమ్మం దగ్గర కూర్చున్నాను. వయసొచ్చాక నేలమీద కూర్చోవడం ఇదివరకంత తేలిక కాదు. వచ్చింది మెరుపేనా, పాత మెరుపేనా, కంటికి ఎరుపు మళ్ళీ పాలిపోయి కనిపించిందా — అడగాలి. అడిగితే నాకు తెలిసింది చెప్పాలి. ఊపిరి దానికి వినిపించేలా తీసుకుంటూ కూర్చున్నాను. నాకు చేతనైంది అదొక్కటే.

చాలాసేపటికి లోపలినుంచి మెల్లగా గొంతు వినిపించింది.

"డాక్టరు ఫోన్ చేశాడక్కా. రమ్మన్నాడు."

ఊఁ అన్నాను.

"వస్తావుగా?"

"వస్తాను."

ఇంకేదో అడుగుతుందని ఆగాను. అడగలేదు. నా మంచి కోసమే అడగలేదని అర్థమైంది. తలుపుకి అటు అది నన్ను కాస్తోంది, ఇటు నేను దాన్ని కాస్తున్నాను.

మధ్యాహ్నం ఎండ వరండాలోంచి పాకుతూ వచ్చి తలుపు కిందికి చేరింది. గుడ్డ తీసుకుని సందులో కుక్కాను. ఈ కొసన కుక్కితే ఆ కొసన వస్తోంది. ఆ కొసన కుక్కితే ఈ కొసన. చిన్నప్పుడు ఈ గుడ్డే సరిపోయేది.

ఎర్రచుక్కలు ఎండిపోయిన చేత్తో ఆ సందుని మూసి పట్టుకున్నాను.

వేళ్ళ మధ్యనుంచి...

ముందు వెలుగు వస్తుంది.